కుడి సీటు నుంచి ఎడమ సీటుకు

మన రైలింజన్ల క్యాబులో ఎడమ సీటు లోకో పైలట్‌ది, కుడి సీటు అసిస్టెంట్‌ది. సిగ్నల్ స్తంభాలు మామూలుగా ఎడమ పక్కనే ఉంటాయి కాబట్టి బండి నడిపేవాళ్ళు ఆ పక్క కూర్చుంటారు. ఈ ఉద్యోగంలో పెద్ద ప్రమోషన్ అంటే ఆ కుడి సీటు నుంచి ఎడమ సీటుకు మారడమే. ఆ తర్వాత గూడ్స్ నుంచి పాసింజర్‌కు, పాసింజర్ నుంచి మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ళకు ఎక్కాలి. కాజీపేట, విజయవాడ, గుత్తి లాంటి రైల్వే ఊళ్ళలో ఈ మెట్ల సంగతి తెలియని వీధి ఉండదు. "మావాడికి గూడ్స్ వచ్చింది" అని ఒక తల్లి చెప్పినా, "మా నాన్న మెయిల్ డ్రైవరుగా రిటైరయ్యాడు" అని ఒక కొడుకు చెప్పినా అందులో జీతం కంటే పనితనం గురించిన గర్వమే ఎక్కువ వినిపిస్తుంది. ఆ గర్వం న్యాయమైనదని నా నమ్మకం.

ఉద్యోగంలో పైకి రావాలంటే పై అధికారి కంట్లో పడాలని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. అర్ధరాత్రి దాటాక లాబీలో సైన్ ఆన్ అయి, బ్రెత్ అనలైజర్‌లో ఊది, దారిలో ఎక్కడ వేగం తగ్గించాలో చెప్పే కాషన్ ఆర్డర్ చూసుకుని, యార్డులో పట్టాలు దాటి ఇంజనెక్కే అసిస్టెంటును ఏ అధికారీ చూడడు. తెల్లారేదాకా అతని పని చూసే మనిషి పక్క సీటులో ఉన్న లోకో పైలట్ ఒక్కడే. ఆయన చూపు కూడా ఎక్కువసేపు ముందున్న పట్టాల మీదే ఉంటుంది. అయినా నాలుగు ట్రిప్పులు కలిసి చేస్తే చాలు, ఈ కుర్రాడు రేపు బండి పట్టగలడా లేదా అనేది ఆయనకు తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుంది అన్నదే నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ప్రశ్న.

రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షలు రాసి, ఆప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి విభాగంలోనూ 42 స్కోరు దాటి, కళ్ళద్దాలు లేకుండా 6/6 చూపుతో ఏ-1 మెడికల్ నెగ్గితేనే అసిస్టెంట్ ఉద్యోగం వస్తుంది. అంటే కుడి సీటుకు చేరినవాళ్ళందరూ గట్టివాళ్ళే. తేడా ఆ తర్వాత మొదలవుతుంది.

మొదట సిగ్నల్ పలకడం తీసుకుందాం. సిగ్నల్ కనిపించగానే ఇద్దరూ చెయ్యి చాపి చూపిస్తూ, దాని రంగు పైకి చెప్పాలి. "డిస్టెంట్ డబుల్ ఎల్లో" అని ఒకరు, "డబుల్ ఎల్లో" అని మరొకరు. వినడానికి పిల్లల ఎక్కాల పాఠంలా ఉంటుంది కానీ, ఇద్దరి ప్రాణాలూ వెనక ఉన్న బండీ ఈ మాట మీదే ఆధారపడి ఉంటాయి. ఇందులో అసిస్టెంట్ చేయగలిగిన పెద్ద తప్పు, లోకో పైలట్ పెదవుల వంక చూసి ఆయన అన్నదే అనడం. అలా అంటే క్యాబులో నాలుగు కళ్ళున్నా పనిచేసేవి రెండే. మంచి అసిస్టెంట్ తన కళ్ళతో చూసి, తనకు కనిపించిందే అంటాడు. మలుపులో సిగ్నల్ ముందు కుడి పక్కవాడికే కనిపిస్తే తనే మొదట పలుకుతాడు. కనిపించకపోతే "ఇంకా కనబళ్ళేదు సార్" అంటాడు తప్ప, ఉండే ఉంటుందని గ్రీన్ అనడు. ఆ "కనబళ్ళేదు" అన్న మాట విన్నప్పుడు లోకో పైలట్‌కు అతని మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంజన్‌లో విజిలెన్స్ పరికరం ఒకటి ఉంటుంది. 60 సెకన్లపాటు బండి నడిపేవాడి చేతులు ఏ మీటా ముట్టకపోతే దీపం వెలిగించి, బజర్ మోగించి, అప్పటికీ స్పందించకపోతే తనే బ్రేకు వేసేస్తుంది. నిద్రను ఆ యంత్రం పట్టుకుంటుంది. పరధ్యానాన్ని పట్టుకోవలసింది పక్క సీటులోని మనిషే.

రెండోది దారి. రైల్వేవాళ్ళు దీన్ని లెర్నింగ్ రోడ్ అంటారు, మాటల్లో ఎల్ఆర్. ఒక సెక్షన్లో బండి నడపాలంటే ముందు ఆ దారిని తెలిసినవాళ్ళతో కలిసి పగలూ రాత్రీ తిరిగి నేర్చుకుని, నేర్చుకున్నానని సంతకం పెట్టాలి. ఎక్కడ ఎత్తు మొదలవుతుంది, ఎక్కడ పల్లం, ఏ మలుపు వెనక స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ దాక్కుంటుంది, ఏ గేటు దగ్గర మనుషులూ పశువులూ అడ్డం వస్తారు, ఎక్కడ న్యూట్రల్ సెక్షన్ ఉంది, అన్నీ కంఠతా రావాలి. న్యూట్రల్ సెక్షన్ అంటే పైన కరెంటు తీగలో సరఫరా లేని చిన్న ముక్క. ఒక సబ్‌స్టేషన్ ఇచ్చే 25,000 వోల్టుల సరఫరా ముగిసి, మరోటి మొదలయ్యేచోట ఇది వస్తుంది. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకో బోర్డు హెచ్చరిస్తాయి. అక్కడ డీజే, అంటే ఇంజన్ మెయిన్ బ్రేకర్, తెరిచి వచ్చిన వేగంతోనే దాటి మళ్ళీ మూయాలి. బరువైన గూడ్స్ ఎత్తు ఎక్కుతూ ఆ చోటుకు నీరసంగా చేరిందా, తీగలో కరెంటు లేనిచోట ఇంజన్ ఆగిపోతుంది. అప్పుడు వెనక వచ్చే బళ్ళన్నీ ఆగుతాయి. కాబట్టి బోర్డు కనిపించాక ఆలోచించడం కాదు, రెండు మూడు కిలోమీటర్ల ముందే వేగం కూడగట్టుకోవాలి.

ఇది అసిస్టెంటుకు ఎవరూ విడిగా చెప్పరు. చెప్పాల్సిన పనీ లేదు, పక్కనే జరుగుతుంది. కాని చూసినవాళ్ళందరూ నేర్చుకోరు. నేర్చుకునేవాళ్ళ జేబులో చిన్న నోటుబుక్ ఉంటుంది. కిలోమీటరు స్తంభం నంబరు, పక్కన ఒక ముక్క: "ఇక్కడ పవర్ నాచ్ తగ్గించారు", "ఇక్కడ బ్రేకు మొదలు", "వానలో ఇక్కడ చక్రాలు జారాయి, ఇసుక వేశారు". పరీక్షల కోసం కొనుక్కున్న గైడ్లలో ఇవి దొరకవు. కొత్తవలస – కిరండూల్ లైను లాంటి చోట అయితే ఇలాంటి నోట్సు లేకుండా పని నేర్చుకోవడం నా దృష్టిలో అసాధ్యం. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి వేసిన ఆ లైను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ దగ్గర కొండనెక్కి, సొరంగాల వెంట సొరంగాలు దాటుకుంటూ కిందికి దిగుతుంది. ఖనిజం నింపుకున్న బండి పల్లంలో దిగేటప్పుడు దాన్ని లాగడం సమస్య కాదు, పట్టి ఉంచడం సమస్య. మోటార్లనే జనరేటర్లుగా తిప్పి వేగాన్ని అదుపు చేస్తూ, గాలి బ్రేకును అవసరానికి దాచుకుంటూ దించాలి. ఆ దించడం చూస్తూ, లోకో పైలట్ చెయ్యి కదలకముందే "ఇప్పుడు వేస్తారు" అని మనసులో అనుకుని, అది సరిపోయిందో లేదో చూసుకునే అసిస్టెంట్ ఉన్నాడే, అతను హ్యాండిల్ ముట్టకుండానే బండి నడపడం నేర్చుకుంటున్నాడు. ప్రమోషన్ ఉత్తర్వు మీద సంతకం పడకముందే వచ్చే ప్రమోషన్ ఇదే.

బ్రేకు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే గూడ్స్ పైలట్ పనితనమంతా బండిని ఆపడంలోనే ఉంది. 58 బొగ్గు వ్యాగన్ల బండి 650 మీటర్లు దాటి ఉంటుంది, బరువు ఐదు వేల టన్నుల దరిదాపుల్లో. బండి పొడవునా ఉన్న బ్రేక్ పైపులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో నిండి ఉంటే బ్రేకులు వదులుతాయి. ఆ ఒత్తిడి తగ్గిస్తే పడతాయి. కాని ఇంజన్‌లో తగ్గించిన క్షణంలోనే చివరి వ్యాగన్‌కు తెలియదు. గూడ్స్ వ్యాగన్‌లో బ్రేకు పూర్తిగా పట్టడానికి 18 నుంచి 30 సెకన్లు, వదలడానికి 45 నుంచి 60 సెకన్లు పడుతుంది. పెళ్ళి ఊరేగింపులో ముందున్న బ్యాండువాళ్ళు ఆగినా వెనకవాళ్ళు నడుచుకుంటూ వచ్చి మీద పడ్డట్టు, ముందు వ్యాగన్లు ఆగుతుంటే వెనక వ్యాగన్లు తోసుకొస్తాయి. చేతకాని చేతిలో ఆ తోపుడు కుదుపై, కప్లింగ్ తెగేదాకా పోతుంది.

ఇప్పుడు ఈ బండిని ఒక స్టేషన్లో లూప్ లైనులోకి తీసుకున్నారనుకోండి, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి. "హోమ్ ఎల్లో సార్, రూట్ ఉంది, లూప్" అంటాడు అసిస్టెంట్. సిగ్నల్ పైన ఏటవాలుగా ఐదు తెల్ల దీపాలు. పాయింట్ల మీద 30 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ లూప్ లైను చాలా స్టేషన్లలో 686 మీటర్ల లెక్కన కట్టినది. అంటే ముందూ వెనకా కలిపి మిగిలేది పాతిక, ముప్పై మీటర్లు. కాస్త ముందే ఆగితే తోక మెయిన్ లైనుకు అడ్డంగా ఉండిపోతుంది, ఎక్స్‌ప్రెస్ బయటే నిలబడుతుంది. కాస్త ముందుకు పోతే, స్టేషన్ నుంచి బయల్దేరనిచ్చే స్టార్టర్ సిగ్నల్ ఎరుపును దాటినట్టు. దాన్ని స్పాడ్ అంటారు. ఒక్క స్పాడ్‌తో ముప్పై ఏళ్ళ ఉద్యోగం పోవచ్చు. పైలట్ బ్రేకు వేసి, అది తోకదాకా పాకేలోపు బండి ఎంత దూరం దొర్లుతుందో లెక్క వేసుకుని, ఒకసారి వేసిన బ్రేకును తొందరపడి వదలకుండా, ఎందుకంటే వదిలితే పైపు మళ్ళీ నిండేదాకా రెండోసారి గట్టిగా పట్టదు, ఐదు వేల టన్నులను నడక వేగానికి తెచ్చి స్టార్టర్ ముందు నిలబెడతాడు. వాకీటాకీలో వెనక నుంచి గార్డు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, బండి క్లియర్‌గా లోపలికి వచ్చిందని చెబుతాడు. ఇంతే. చప్పట్లు ఉండవు. ఎక్స్‌ప్రెస్ వేగం తగ్గకుండా పక్కనుంచి పోతుంది, అందులో పడుకున్నవాళ్ళు అలాగే పడుకుని ఉంటారు. ఇంత శుభ్రమైన పని నేను చాలా తక్కువ వృత్తుల్లో చూశాను.

ఇంజన్‌లోని స్పీడోమీటర్ ఈ ప్రయాణాన్నంతా రికార్డు చేస్తుంది. లోకో ఇన్‌స్పెక్టర్ ఆ రికార్డు తెరిస్తే వేగం గీత కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళ గీత నున్నగా దిగుతుంది, తడబడేవాళ్ళది రంపపు పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. మనిషి లేనప్పుడు కూడా పనితనాన్ని చూసే కన్ను ఇదొక్కటి.

అసలు అసిస్టెంట్ సత్తా తేలేది బండి సజావుగా నడిచినప్పుడు కాదు. రెండు స్టేషన్ల మధ్య, అర్ధరాత్రి, బండి నడుస్తుండగా బ్రేక్ పైపు ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోయి బండి ఆగిపోయిందనుకుందాం. ఎక్కడో వ్యాగన్ల మధ్య గొట్టం ఊడి ఉండవచ్చు, కప్లింగ్ తెగి ఉండవచ్చు, వ్యాగన్ పట్టాలు తప్పి పక్క లైనుకు అడ్డం పడి ఉండనూ వచ్చు. క్యాబులో ఉన్నవాళ్ళకు ఏది జరిగిందో తెలియదు. అనుభవం లేని కుర్రాడు స్పానరు, కొత్త గొట్టం పట్టుకుని వెనక్కి పరుగెత్తాలనుకుంటాడు. లోపం వెతికి బాగుచేయాలన్న ఉబలాటం అది. పనెరిగినవాడు ముందుగా ఎదురు లైను గురించి ఆలోచిస్తాడు. పైలట్ ఫ్లాషర్ లైట్ వేసి విజిల్ కొడుతుండగా, అసిస్టెంట్ డిటొనేటర్లూ ఎర్ర దీపమూ పట్టుకుని ఎదురు వచ్చే బండి దిశగా ముందుకు పోవాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటర్, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు. ఎదురు బండి చక్రం వాటి మీదికి రాగానే పెద్ద చప్పుడుతో పేలి, ఆ పైలట్‌ను ఆగమంటాయి. అటు బండ్లు రావని నిర్ధారణ అయ్యాకే వెనక్కి వచ్చి, టార్చి వేసుకుని, కంకర మీద నడుస్తూ, గాలి బుస ఎక్కడ వినిపిస్తుందో చెవి పెట్టి వింటూ వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ పోవడం.

ఏది ముందు, ఏది వెనక అన్న ఈ వరస తెలిసిన మనిషికి బండి అప్పగించవచ్చు. గొట్టం మార్చడం ఎవరైనా నేర్పితే వస్తుంది. కనిపించని ఎదురు బండిలో ఉన్నవాళ్ళ గురించి ముందుగా ఆలోచించడం మనిషి తనంతట తాను అలవరచుకోవలసినది. ప్రమోషన్‌కు అర్హత ఏమిటని నన్నడిగితే మరో మాట లేకుండా దీన్నే చెబుతాను.

ఇంకొకటి ఉంది, అది చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. కుడి సీటు పక్కన కూడా ఒక ఎమర్జెన్సీ బ్రేకు ఉంటుంది. పైలట్ ఎరుపు వైపు వెళ్తూ బ్రేకు వేయకపోతే, అసిస్టెంట్ దాన్ని తిప్పాలి. పైలట్ వయసులో తండ్రంతవాడు కావచ్చు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉండవచ్చు. "సార్, ఎల్లో" అని ఒకసారి, "సార్, స్టార్టర్ రెడ్" అని గట్టిగా రెండోసారి, అప్పటికీ చెయ్యి కదలకపోతే మూడో మాట లేకుండా బ్రేకు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన పిల్లలకు ఇది ఎంత కష్టమో మనకు తెలుసు. పైలట్ నిజంగా బ్రేకు వేయబోతూ ఉండి, ఈలోపు అసిస్టెంట్ తిప్పేస్తే బండి నడి దారిలో ఆగుతుంది, ఎందుకు ఆగిందో కాగితం మీద జవాబు చెప్పుకోవాలి. అయినా చెయ్యి వెనక్కి తీసుకోనివాడే రేపు ఎడమ సీటులో కూర్చున్నప్పుడు తన పక్క కుర్రాడు అరిస్తే కోపగించుకోకుండా వింటాడు. మంచి పైలట్లు డ్యూటీ ఎక్కగానే "ఏదైనా కనబడితే అరువు నాన్నా, మొహమాటపడకు" అంటారట. ఆ ఒక్క మాటతో ఆ క్యాబు భద్రత ఎంత పెరుగుతుందో లెక్కకట్టలేం.

ఇంత చేసినా ప్రమోషన్ వెంటనే రాదు, ఈ సంగతి దాచడం నాకిష్టం లేదు. ఖాళీలుండాలి, సీనియారిటీ రావాలి. ఆ వంతు వచ్చాక ట్రైనింగ్ స్కూల్లో ప్రమోషనల్ కోర్సు, రూల్స్ మీదా ఇంజన్ల మీదా పరీక్షలు, ఆపై లోకో ఇన్‌స్పెక్టర్ పక్కనుండగా బండి పట్టి చూపించడం, చివరికి కాంపిటెన్సీ సర్టిఫికెట్. వంతు రావడం మన చేతిలో లేదు. వంతు వచ్చిన రోజుకు సిద్ధంగా ఉండటం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఆ కోర్సుకు వెళ్ళినప్పుడు పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టే వాళ్ళకూ, పుస్తకంలో ఉన్నది తమ నోటుబుక్‌తో పోల్చుకునే వాళ్ళకూ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. డీజే ట్రిప్పయితే లోపం ఎక్కడో చూపే ఏ రిలే టార్గెట్ పడిందో చూడాలన్న ప్రశ్న మొదటివాళ్ళకు పేపర్లో మార్కులు, రెండోవాళ్ళకు ఒకానొక రాత్రి ఒకానొక స్టేషన్ దగ్గర తమ చేత్తో చేసిన పని.

ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కి చూపినవారిలో నేను ఎక్కువగా గౌరవించేది సురేఖా యాదవ్‌ను. మహారాష్ట్రలోని సతారా జిల్లా నుంచి వచ్చి 1989లో సెంట్రల్ రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరుగా చేరారు. దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవర్ అని ఆమెను అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది ఆ తర్వాతి వరస. 1990ల్లో గూడ్స్ బళ్ళు, 2000లో ముంబయి లోకల్ లేడీస్ స్పెషల్, 2010లో ఘాట్ సెక్షన్ శిక్షణ, 2011 మార్చి 8న పూణే నుంచి ముంబయికి డెక్కన్ క్వీన్, 2023 మార్చిలో షోలాపూర్ నుంచి ముంబయికి వందే భారత్. 2025లో రిటైరయ్యారు. ఇందులో ఘాట్ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. కర్జత్ – లోనావళా మధ్య బోర్ ఘాట్‌లో ప్రతి 37 మీటర్లకూ ఒక మీటరు ఎత్తు. ఎక్కేటప్పుడు వెనక నుంచి తోయడానికి వేరే ఇంజన్లు తగిలిస్తారు. దిగేటప్పుడు బ్రేకు మీద పట్టు తప్పిన బండిని మళ్ళించడానికి క్యాచ్ సైడింగులు కట్టారు. మొదటి మహిళ అన్న పేరు చేరిన రోజే వచ్చేసింది, దానితో సరిపెట్టుకుని ఉండవచ్చు. ఆమె ఇరవయ్యేళ్ళ సర్వీసు దాటాక ఘాట్ పని నేర్చుకున్నారు. డెక్కన్ క్వీన్ ఆ ఘాట్ మీదుగానే నడుస్తుంది.

ఇప్పుడు మన దక్షిణ మధ్య రైల్వేలోనూ అసిస్టెంట్లుగా, పైలట్లుగా అమ్మాయిలు వస్తున్నారు. చాలా ఇంజన్లలో నేటికీ మరుగుదొడ్డి లేదు. గంటలకొద్దీ సాగే గూడ్స్ డ్యూటీలో ఆ ఇబ్బంది ఎవరికైనా ఇబ్బందే, ఆడపిల్లలకు మరీ. అది తీర్చవలసిన పని పైవాళ్ళది, త్వరగా తీర్చాలి.

గూడ్స్ నుంచి పాసింజర్‌కు మారితే చెయ్యి మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. పెట్టెల్లో బ్రేకు మూడు నుంచి ఐదు సెకన్లలో పట్టేస్తుంది, 15 నుంచి 20 సెకన్లలో వదులుతుంది. గూడ్స్ అలవాటుతో ముందుగా గట్టిగా వేస్తే ప్లాట్‌ఫారం మొదట్లోనే ఆగిపోయి, జనరల్ పెట్టెలోని వాళ్ళు కంకర మీదికి దిగాల్సి వస్తుంది. మెయిల్‌కు వెళ్తే వేగం మరో పాఠం. సికింద్రాబాద్ – కాజీపేట – బల్లార్షా మార్గంలో ఇప్పుడు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో సెకనుకు 36 మీటర్లు. రెప్పపాటు కాలం కూడా దూరమే. మన జోన్‌లో 1,465 కిలోమీటర్ల మేర పెట్టిన కవచ్ వ్యవస్థ ముందున్న సిగ్నల్ రంగును క్యాబులోనే తెర మీద చూపిస్తుంది, పైలట్ వేయకపోతే తనే బ్రేకు వేస్తుంది. 2022 మార్చి 4న గుల్లగూడ – చిట్‌గిద్ద మధ్య రెండు బళ్ళను ఎదురెదురుగా పంపి దాన్ని పరీక్షించారు కూడా. పాత పైలట్లు దాన్ని కూడా పరీక్షలు రాసి నేర్చుకుంటున్నారు. తెర ఉందని సిగ్నల్ పలకడం మానేసినవాళ్ళ గురించి ఇప్పటిదాకా నేను వినలేదు, వినకూడదనే కోరుకుంటున్నాను.

ఎంత పైకి ఎక్కినా ఎల్ఆర్ మాత్రం వదలదు. ఒక దారిలో మూడు నెలలకు మించి బండి నడపకపోతే మళ్ళీ నేర్చుకోవలసిందే. గుత్తిలో మెయిల్ బళ్ళు నడిపిన సీనియర్ పైలట్ బదిలీ మీద కాజీపేట వస్తే, అక్కడ తనకంటే పదేళ్ళు చిన్నవాడైన పైలట్ నడుపుతుంటే వెనక నిలబడి, "ఇక్కడ పల్లం ఎంతదాకా బాబూ?" అని అడిగి రాసుకుంటాడు. పగటి ట్రిప్పు అయ్యాక రాత్రి ట్రిప్పు. అవి పూర్తి చేసి రిజిస్టరులో సంతకం పెట్టాకే లాబీలో ఆ సెక్షన్ బండికి ఆయన పేరు రాస్తారు.